వివక్ష కేసును కోర్టు మొదట్లోనే కొట్టేయకుండా ఉండాలంటే ఫిర్యాదులో ఏం రాయాలి?

ప్లేనో_శ్రీను
అందరికీ నమస్కారం. ఉద్యోగం తీసేశాక ఈఈఓసీలో (ఉద్యోగ వివక్ష ఫిర్యాదులు చూసే అమెరికా ఫెడరల్ సంస్థ) ఛార్జ్, అంటే ఫిర్యాదు వేశాను. ఇక కోర్టుకు వెళ్లొచ్చని రైట్ టు స్యూ లెటర్ వచ్చింది. లాయర్ గారు 90 రోజుల గడువులోనే ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. ఇప్పుడు కంపెనీ వాళ్లు 12(బి)(6) మోషన్, అంటే కేసును మొదట్లోనే కొట్టేయమనే అర్జీ వేశారు. వివక్ష అన్న మాటే ఉంది, వాస్తవాలు లేవు, కొట్టేయండి అంటున్నారు. నా వయసు 47, పుట్టింది ఇండియాలో. రేటింగులు ఎప్పుడూ బాగానే ఉన్నాయి. కొత్త డైరెక్టర్ వచ్చాక తీసేశారు. ఫిర్యాదులో దాదాపు ఇంతే ఉంది. సరిపోతుందా? నా సీట్లోకి వచ్చిన అబ్బాయి వివరాలు పెట్టాలా? ఇప్పుడు మార్చుకోవచ్చా? లాయర్ 40 శాతం అడుగుతున్నారు, అది మామూలేనా?

ఎడిసన్_సుజాత
శ్రీను గారూ, నా కేసు న్యూజెర్సీలో ఈ గండం దాటింది. దాటించింది తేదీలే. జనవరి రివ్యూలో మంచి రేటింగ్. మార్చిలో కొత్త మేనేజర్. ఏప్రిల్‌లో స్టాండప్ మీటింగ్‌లో అందరి ముందు "నీ యాస క్లయింటుకి అర్థం కాదు, మాట్లాడే పని ఇంకొకరికి ఇద్దాం" అన్నాడు. మే నెలలో నా ప్రాజెక్టు తీసి, నాకంటే అనుభవం తక్కువున్న అమెరికన్‌కి ఇచ్చారు. ఎవరన్నారు, ఎప్పుడన్నారు, ఎవరు విన్నారు అన్నీ ఒక్కో పేరాలో రాశాం. జడ్జి గారు తన ఆర్డర్‌లో ఆ స్టాండప్ పేరానే ఎత్తి రాశారు. "నన్ను చిన్నచూపు చూశారు" లాంటి వాక్యాలను అసలు లెక్కలోకి తీసుకోలేదు.

లీగల్_బాబాయ్
ఎంప్లాయ్‌మెంట్ కేసుల ఆఫీసులో పారాలీగల్‌గా (లాయర్లకు సహాయకుడిగా) చాలాకాలంగా ఉన్నాను, ఇలాంటి మోషన్లు బోలెడు చూశాను. అసలు సంగతి వినండి. 2002లో స్వియర్‌కీవిచ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది: మెక్‌డొనెల్ డగ్లస్ పరీక్ష (వివక్షను అంచెలంచెలుగా రుజువు చేసే పద్ధతి) సాక్ష్యాల దశకు సంబంధించింది, ఫిర్యాదులోనే అదంతా నిరూపించక్కర్లేదు. కేసు వేసిన స్వియర్‌కీవిచ్ హంగేరీలో పుట్టినవాడు, వయసు 53, పనిచేసింది రీఇన్సూరెన్స్ కంపెనీలో. మన శ్రీను గారి పరిస్థితికి దగ్గర. తర్వాత 2007లో ట్వాంబ్లీ, 2009లో ఇక్బాల్ తీర్పులు వచ్చాయి. ఆరోపణ నమ్మదగినట్టు కనిపించేంత వాస్తవాలు ఉండాలన్నాయి. శ్రీను గారిలా టెక్సస్‌లో ఉన్నవాళ్లకు ముఖ్యమైంది ఫిఫ్త్ సర్క్యూట్ (టెక్సస్ మీద అధికారమున్న ఫెడరల్ అప్పీలు కోర్టు) 2019 నాటి సికలేజీ తీర్పు. ఇటలీలో పుట్టిన ఇద్దరు శాస్త్రవేత్తల కేసును కింది కోర్టు కొట్టేస్తే, ఈ దశలో అంత గట్టి రుజువు అడగకూడదని పైకోర్టు తిప్పి పంపింది. చూడాల్సింది రెండే: మీకు జరిగిన నష్టం, అది మీరు పుట్టిన దేశం వల్లో వయసు వల్లో జరిగిందనడానికి ఆధారమయ్యే వాస్తవాలు.

కేటీ_వెంకట్
బాబాయ్ గారూ, చెప్పడం తేలికే. నా కేసు నేషనల్ ఆరిజిన్ (పుట్టిన దేశం) దగ్గరే పోయింది. "గ్రీన్ కార్డ్ వచ్చాకే ప్రమోషన్" అని మేనేజర్ మెయిల్‌లోనే రాశాడు. ఇంకేం కావాలి? జడ్జి గారు 1973 నాటి ఎస్పినోజా తీర్పు చూపించి, పౌరసత్వం వేరు, పుట్టిన దేశం వేరు అన్నారు. మా లాయర్ సెక్షన్ 1981 (జాతి వివక్ష మీద వాడే ఇంకో ఫెడరల్ చట్టం) పెట్టనే లేదు.

సిన్సినాటి_కుర్రాడు
అన్నా, హెచ్1బీ అంటే ఇండియన్ అనే కదా వాళ్ల దృష్టిలో! రెండూ ఒకటే. ఇవన్నీ కంపెనీలను కాపాడే తీర్పులు.

లీగల్_బాబాయ్
ఒకటి కాదు నాయనా. పౌరసత్వాన్ని అడ్డం పెట్టుకుని పుట్టిన దేశాన్ని బట్టి వివక్ష చూపిస్తే టైటిల్ సెవెన్ (ఉద్యోగ వివక్షను నిషేధించే ముఖ్య ఫెడరల్ చట్టం) వర్తిస్తుందని ఎస్పినోజాలోనే ఉంది. కానీ ఆ అడ్డాన్ని బయటపెట్టే వాస్తవం రాయాలి. కెనడా నుంచి టీఎన్ వీసా (కెనడా, మెక్సికో పౌరులకిచ్చే వర్క్ వీసా) మీద వచ్చినవాడికి గ్రీన్ కార్డ్ లేకుండానే ప్రమోషన్ ఇచ్చి వెంకట్‌కు ఆపితే, అది రాయాలి. రాశారా?

కేటీ_వెంకట్
మీరు లాయరా? కాదు కదా. ఇల్లు గడవక ఇబ్బంది పడుతున్నవాణ్ణి నిలదీస్తారేంటి? మా టీమ్‌లో కెనడా వాళ్లే లేరు. పెద్దవారని ఊరుకుంటున్నాను.

లీగల్_బాబాయ్
నిలదీయలేదు బాబూ. ఇంకొకరి కేసు పోకూడదనే చెప్పాను. సెక్షన్ 1981కి ముందు ఈఈఓసీకి వెళ్లాల్సిన పని లేదు, 15 మంది ఉద్యోగుల లెక్కా లేదు, ఇలాంటి కేసులకు గడువు నాలుగేళ్లు. మీకు టైముంటే వేరే లాయర్‌ని కలవండి.

ఫ్రిస్కో_లక్ష్మి
వీసా గురించి ఇంత మాట్లాడుతున్నారు. వేధించేది మనవాళ్లే అయితే? మా లీడ్ తెలుగాయన. ఇంటిపేరు, ఊరు, తాతల వృత్తి అడిగిన మర్నాటి నుంచి నాకు ఆన్‌కాల్ (ఏ వేళ పిలిచినా పలకాల్సిన) డ్యూటీలే. దాన్ని ఫిర్యాదులో ఏమని రాయాలి?

సిన్సినాటి_కుర్రాడు
కులాన్ని ఇక్కడికి తేకండి మేడమ్. మన పరువు మనమే తీసుకుంటున్నాం.

ఫ్రిస్కో_లక్ష్మి
తెచ్చింది నేను కాదు, తాతల వృత్తి అడిగినాయన. మీ పరువు కోసం నేను నోరు మూసుకోవాలా?

ఎడిసన్_సుజాత
లక్ష్మీ, నీ ప్రశ్న న్యాయమైనదే. సియాటిల్ 2023లో కులాన్ని నిషేధాల్లో పేరు పెట్టి చేర్చింది. కాలిఫోర్నియాలో బిల్లు పాసైనా అదే ఏడాది గవర్నర్ వీటో చేశారు. టెక్సస్‌లో అలాంటి చట్టం లేదు. వంశం, జాతి మూలాల మీద వివక్ష సెక్షన్ 1981 కిందికి వస్తుందని 1987లో సుప్రీంకోర్టు అంది. ఆ దారిలో వాదించే లాయర్‌ని వెతుక్కో. ఆయన అడిగిన మాటలు, ఆన్‌కాల్ షెడ్యూలు పక్కపక్కన పెట్టి చూపించు.

ఇందూరు_మహేష్
ఆన్‌కాల్ అంటే గుర్తొచ్చింది. ఇదివరకు ఫిఫ్త్ సర్క్యూట్‌లో ఉద్యోగం పోవడం, ప్రమోషన్ ఆగడం లాంటి పెద్ద నిర్ణయమైతే తప్ప కేసు నిలబడేది కాదు. డాలస్ కౌంటీ జైలులో మగ ఉద్యోగులకే పూర్తి వీకెండ్ సెలవు ఇచ్చేవాళ్లు, ఆడవాళ్లకు ఇచ్చేవాళ్లు కాదు. 2023లో ఆ కేసులోనే పాత రూలు మారింది. 2024లో మల్డ్రో తీర్పుతో సుప్రీంకోర్టు బదిలీ కేసులోనూ కొంత నష్టం చూపిస్తే చాలంది. కాబట్టి షెడ్యూలు మార్చడం కూడా చిన్న విషయమేం కాదు.

ప్లేనో_శ్రీను
అందరికీ థాంక్స్. నా ప్రశ్న మళ్లీ అడుగుతున్నాను, టెన్షన్‌గా ఉంది. ఇప్పుడు మార్చుకోవచ్చా? వచ్చిన అబ్బాయికి 41 ఏళ్లు. వాళ్ల లాయర్ "అతనూ 40 దాటినవాడే, వయసు వివక్ష ఎక్కడుంది" అంటున్నాడు.

లీగల్_బాబాయ్
మోషన్ మీకు అందిన 21 రోజుల్లోపు ఒకసారి కోర్టు అనుమతి అక్కర్లేకుండా మార్చుకోవచ్చు. ఇప్పటికే ఒకసారి మార్చి ఉంటే వేరే సంగతి. ఆ 41 మాట పట్టించుకోకండి. 56 ఏళ్లాయన్ని తీసి 40 ఏళ్లాయన్ని పెట్టిన కేసులో 1996లోనే సుప్రీంకోర్టు చెప్పింది: కొత్తవాడు 40 లోపు ఉండాలని లేదు, బాగా చిన్నవాడైతే చాలని. మీది ఆరేళ్ల తేడా, అదొక్కటే పెట్టుకుంటే కష్టం. డైరెక్టర్ వయసు గురించి ఏమన్నాడు, ఇంకా ఎవరెవరిని తీశాడు అన్నవి చేర్చండి.

కేటీ_వెంకట్
శ్రీను గారూ, ఈఈఓసీ ఛార్జ్‌లో ఏ రకం వివక్ష అని బాక్స్ టిక్ చేశారు? అది ఎవరూ అడగలేదు. మా ఫోర్ట్ బెండ్ కౌంటీ కేసులోనే ఒకామె ఛార్జ్ మార్చకుండా ఇంటేక్ ఫారంలో (ఈఈఓసీ వివరాలు అడిగే ఫారం) చేత్తో "రెలిజియన్" అని రాసింది. అది ఛార్జ్‌లో లేదన్న అభ్యంతరం కౌంటీ ఏళ్ల తరబడి ఎత్తలేదు కాబట్టి 2019లో సుప్రీంకోర్టులో గెలిచింది. మీ కంపెనీ ఇప్పుడే ఎత్తుతుంది.

ప్లేనో_శ్రీను
టిక్ వయసుకే ఉంది. కింద వివరాల్లో మాత్రం డైరెక్టర్ "మీ దేశం వాళ్లు ఇలాగే చేస్తారు" అన్నాడని రాశాను.

లీగల్_బాబాయ్
అయితే ఆ ఛార్జ్ కాపీని సవరించిన ఫిర్యాదుకు జత చేయమనండి. బాక్స్ టిక్ చేయనంత మాత్రాన పోదు, కింద రాసిన వివరమే ముఖ్యమని ఈ సర్క్యూట్‌లో 1970 నాటి తీర్పే ఉంది. ఆ వాక్యం ఏ రోజు అన్నాడో కూడా రాయించండి.