పడమటి హాల్లో అమ్మమ్మ పట్టెమంచం: కర్టెన్లు, సోఫా ఎలా ఎంచుకోవాలి?

హైదరాబాద్‌లో మేం కొన్న ఫ్లాట్‌లో హాలు 11 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. బాల్కనీ పడమర వైపు, మధ్యాహ్నం మూడు దాటితే ఎండ నేరుగా లోపలికే. అమ్మమ్మ వాడిన టేకు పట్టెమంచం మాత్రం వదిలేది లేదు. దాన్నే దివాన్‌లా వాడుకుంటూ, మిగతాదంతా ఈ కాలానికి తగ్గట్టు, కాళ్లు చాపుకొని హాయిగా కూర్చునేలా ఉండాలని మా కోరిక. షోరూమ్‌లా మెరవక్కర్లేదు.

గోడలకు లేత గోధుమ రంగు, 3000 కెల్విన్ లైట్లు (కాస్త పసుపు ఛాయ వెలుగునిచ్చేవి) అనుకున్నాం. పోచంపల్లి ఇక్కత్ కర్టెన్లంటే నాకు ప్రాణం, కానీ పడమటెండకు వెలిసిపోతాయేమోనని టెన్షన్. వెనక లైనింగ్ గుడ్డ వేయిస్తే సరిపోతుందా, లేక లేత రంగు నూలు గుడ్డే మేలా? నల్లబడిన టేకు పక్కన ఏ రంగు సోఫా నప్పుతుంది? పడమర ఇళ్లలో ఉంటున్నవాళ్లు మీరేం చేశారో దయచేసి చెప్పండి.