గంటన్నర ఎగిరితే ఒక్క కంట్రోలరూ పలకలేదు: ఆన్‌లైన్ ఏటీసీకి నెల చందా కడితే తప్పా?

శంషాబాద్09:
శనివారం రాత్రి వాట్‌సిమ్‌లో (ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద విమానం నడిపేవాళ్లూ, వాళ్లకి దారి చెప్పే కంట్రోలర్లూ కలిసే ఉచిత ఆన్‌లైన్ నెట్‌వర్క్) శంషాబాద్ నుంచి వైజాగ్‌కి ఏ320 విమానం తీశాను. ఏటీసీ, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ వైపు చూస్తే, నేల మీద నడిపించే గ్రౌండ్ లేదు, రన్‌వే చూసే టవర్ లేదు, పైన దారి చూసే సెంటర్ లేదు. కంట్రోలర్ లేనప్పుడు పైలట్లు వాడే యూనికామ్ 122.8 ఫ్రీక్వెన్సీలో నా టేకాఫ్ నేనే చెప్పుకున్నా, ల్యాండింగూ నేనే చెప్పుకున్నా. వినే నాథుడు లేడు. అందుకే పైలట్‌ఎడ్జ్ అనే ఇంకో నెట్‌వర్క్‌కి చందా కడుతున్నా. అక్కడ కూర్చునేది డబ్బు తీసుకుని పనిచేసే కంట్రోలర్లు. కాలిఫోర్నియా టైము పొద్దున 8 నుంచి రాత్రి 11 దాకా ఉంటారు. ఎండాకాలంలో అక్కడి 8 అంటే మనకు రాత్రి 8:30, ఆఫీసు నుంచి వచ్చి అన్నం తిని కూర్చునే వేళ. ఎగరాల్సింది లాస్ ఏంజెలెస్ మీద, నిజమే. కానీ పిలిస్తే పలుకుతారు. యోక్‌కీ (విమానం స్టీరింగు) పెడల్స్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ లక్ష దాటి పెట్టినవాళ్లం, చందా దగ్గరికొచ్చేసరికి "ఉచితంగా దొరుకుతుంటే ఎందుకు" అంటాం. నాకిది సబబుగా అనిపించట్లేదు.

గన్నవరం కుర్రాడు:
అన్నా, లక్ష పెట్టినవాళ్ల లెక్క వేరు. నాది మా అన్నయ్య వాడేసి పక్కన పడేసిన లాప్‌టాప్, ఒక సెకండ్ హ్యాండ్ జాయ్‌స్టిక్. ఇంట్లో నెట్ పోయినప్పుడు హాట్‌స్పాట్ మీద ఎగిరా. కింద కనిపించే నేలంతా నెట్ నుంచే దిగుతుంది కదా, రోజు 1.5 జీబీ గోదావరి దాటకముందే అయిపోయింది. దానిమీద డాలర్ల చందా కూడా అంటే నేను మొదలుపెట్టేవాణ్ణే కాదు.

వాట్‌సిమ్ 2001 నుంచి వలంటీర్ల మీదే నడుస్తోంది. నా మొదటి క్లియరెన్స్ (బయల్దేరే అనుమతి) లండన్ హీత్రూలో. కంట్రోలర్ చెప్పింది తిరిగి చదివి వినిపించే రీడ్‌బ్యాక్‌లో స్క్వాక్ (రాడార్‌లో నన్ను గుర్తించే నాలుగంకెల కోడ్) తప్పు చెప్పా. రెండోసారీ తప్పే. ఆయన విసుక్కోలేదు. ఒక్కో అంకె చెప్పి, ఆగి, ఇంకోటి చెప్పాడు. నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసుకుని చదివా. "రీడ్‌బ్యాక్ కరెక్ట్" అన్నాక గానీ చేతి వణుకు తగ్గలేదు. ఆ మనిషికి పైసా రాదు.

న్యూజెర్సీ బాబాయ్:
మీరు నెల చందా గురించి వాదించుకుంటున్నారు, మేం మీటరు చూశాం. 1988లో జీఈనీ అనే ఆన్‌లైన్ సర్వీసులో ఎయిర్ వారియర్ అనే యుద్ధవిమానాల ఆట వచ్చినప్పుడు గంటల లెక్కనే బిల్లు. నేను ఎంఎస్‌కి వచ్చిన కొత్తలో, 1995లో, అలాంటిదే ఒకదానికి అలవాటు పడ్డా, పేరెందుకులే. నెలాఖరుకి బిల్లు చూస్తే నా వాటా అద్దెలో సగం! ఆ తర్వాత గడియారం పక్కన పెట్టుకునే ఆడా. నింపాదిగా ఎత్తు ఎక్కే ఓపిక ఎక్కడిది? నేరుగా గుంపులోకి దూరడం, కూలిపోవడం. డబ్బు కన్నా ఆ తొందరే నన్ను ఎక్కువ దెబ్బతీసింది, రెండేళ్లు ఆడీ ఏమీ నేర్చుకోలేదు. తర్వాత అలాంటి ఇంకో ఆట ఏసెస్ హై నెలకు 14.95 డాలర్లకు దొరికాకే, ముందు ఎత్తు సంపాదించుకుని తర్వాత పోరాడాలని ఒంటబట్టింది. చందా పెట్టండి, తప్పులేదు. మీటరు మాత్రం వద్దు. కొత్తగా వచ్చే పిల్లల దగ్గర మాత్రం ఏమీ అడగొద్దు.

శంషాబాద్09:
బాబాయ్ గారూ, మీటరు మాట ఒప్పుకుంటా. తమ్ముడూ, హీత్రూ ఆయన మంచితనం కాదనను. మరి మన ఆకాశం శనివారం రాత్రి కూడా ఎందుకు ఖాళీగా ఉంది?

గన్నవరం కుర్రాడు:
మనలో ఎవరూ కంట్రోలర్‌గా కూర్చోవట్లేదు కాబట్టి అన్నా. వాట్‌సిమ్‌లో కంట్రోలర్ మొదటి మెట్టు ఎస్1 ట్రైనింగ్‌కి పేరిచ్చా, క్యూలో ఉన్నా. పాసైతే మొదట తెరిచేది శంషాబాద్ గ్రౌండే.

శంషాబాద్09:
చందా మాత్రం మానను. ఆ రోజు ముందే చెప్పు, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా గేటు దగ్గరే నీ పిలుపు కోసం కూర్చుంటా.