ఏడాది పొడవునా వానలు పడే చోట లూ నది ఆగస్టులో ఎందుకు సన్నబడుతుంది?

ప్రశ్న: బురుజు నీడ, కర్నూలు

నమస్కారం. నేను డిగ్రీ విద్యార్థులకు భూగోళశాస్త్రం బోధిస్తున్నాను. నదీ ప్రవాహాల పాఠంలో మన కుందూనది పక్కన పెట్టి చూపడానికి తూర్పు ఫ్రాన్సులోని లూ అనే చిన్న నదిని ఎంచుకున్నాను. జురా పర్వతాలలో ఊఆన్ గ్రామం దగ్గర పుట్టి, ఓర్నాన్ పట్టణం మీదుగా సుమారు 120 కి.మీ. ప్రవహించి, దోల్ పట్టణానికి దిగువన పార్సే వద్ద ఇది దూ నదిలో కలుస్తుంది. అక్కడ ఏ నెలా వాన లేకుండా పోదు. అయినప్పటికీ చలికాలమంతా నిండుగా పారే నది జూలై, ఆగస్టు నెలలకు బాగా తగ్గిపోతుంది. ఇందుకు కారణమేమిటి? పైగా, పుట్టిన చోటనే అంత పెద్ద ప్రవాహంగా ఎలా బయటికి వస్తోంది?

జవాబు: ఎర్రనేల, అనంతపురం

మేడమ్, మొదటి ప్రశ్నకు జవాబు ఆకాశంలో కంటే అడవిలోనూ పచ్చికలోనూ ఎక్కువగా దొరుకుతుంది. వేసవిలో అక్కడ పగలు చాలా పొడవు. చెట్లూ గడ్డీ ఏపుగా పెరిగే ఆ నెలల్లో పడిన వానలో అధిక భాగాన్ని అవే పీల్చుకుని ఆవిరిగా వదిలేస్తాయి కనుక నది దాకా వచ్చేది కొద్దిపాటి నీరే. నవంబరు తర్వాత చెట్లు ఆకు రాల్చి, ఎండ తగ్గి, నేల తడిసి ముద్దయి ఉంటుంది కాబట్టి అంతే వాన పడినా చాలా వరకు నదికి చేరుతుంది. ఎత్తైన చోట్ల పేరుకున్న మంచు మార్చి, ఏప్రిల్ నెలల్లో కరిగి మరికొంత తోడవుతుంది. ఆల్ప్స్ నదుల్లో మంచునీటి పోటు మే, జూన్ నెలల్లో కనిపిస్తుంది. జురా కొండలు అంత ఎత్తు లేవు గనుక ఇక్కడ ముందే ముగిసిపోతుంది.

మన దగ్గరా నేల మొదట తన వాటా తీసుకుంటుంది. కుందూ పరీవాహకంలోని నల్లరేగడి, ఎండలకు నెర్రెలు విచ్చి, తొలకరి వానలను వచ్చినవి వచ్చినట్టే మింగేస్తుంది. వాగులు సాగి నదికి నీరు రావడానికి తరచు ఆగస్టు దాకా ఆగవలసి వస్తుంది.

జవాబు: నాపరాయి, కొలిమిగుండ్ల

రెండవ ప్రశ్న సున్నపురాయికి సంబంధించినది కాబట్టి నేను చెబుతాను. బేలం గుహలు చూసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. గుహ లోపల పాతాళగంగ అనే సన్నని ధార కాసేపు కనిపించి మళ్లీ రాతి కిందికి మాయమవుతుంది. జురాలోనూ రాయి సున్నపురాయే, అయితే అక్కడి వాన మన సీమ వానకు రెట్టింపు పైమాటే. నీరు రాతిని వేల, లక్షల ఏళ్ల తరబడి కరిగించి లోపల పెద్ద దారులు చేసుకుంది. ఆ దారులన్నీ కలిసి, నిట్టనిలువు రాతిగోడ అడుగున ఉన్న గుహలోంచి ఒక్కసారిగా బయటపడే చోటే లూ పుట్టుక. సగటున సెకనుకు సుమారు 10 ఘనపు మీటర్ల నీరు అక్కడ వస్తుంది. పెద్ద వాన కురిస్తే ఒకటి రెండు రోజుల్లోనే అది ఎన్నో రెట్లు ఉప్పొంగుతుంది.

ఆ నీరంతా లూ సొంతం కాదన్న సంగతి విచిత్రంగా బయటపడింది. 1901 ఆగస్టులో పొంతార్లియే పట్టణంలోని పెర్నో మద్యం కర్మాగారం మీద పిడుగు పడింది. మంటలకు పీపాలు పేలిపోకుండా అబ్సింత్ మద్యాన్ని వదిలేయగా అది పక్కనున్న దూ నదిలో కలిసింది. రెండు రోజులకు, కొండకు అవతల ఉన్న లూ పుట్టుక దగ్గర నీరు అబ్సింత్ వాసన కొట్టింది! దూ నది అడుగున ఉన్న బిలాల గుండా నీరు లూలోకి వెళ్తోందని తరువాత రంగు కలిపి చేసిన పరీక్షలు రుజువు చేశాయి. అంటే లూ తుదకు ఏ నదిలో కలుస్తుందో, ఆ నది నీటినే ముందుగా అప్పు తెచ్చుకుంటోందన్నమాట.

బురుజు నీడ, కర్నూలు

ఇద్దరికీ ధన్యవాదాలు. అలాగైతే వేసవిలో దూ నదికి నష్టమే కదా?

జవాబు: రాజోలి కట్ట, కడప జిల్లా

నష్టమే. నీటితో నడిచే మిల్లుల కాలంలో దూ తీరం వారు ఆ బిలాలను పూడ్చివేయాలన్నారు, లూ తీరం వారు ఒప్పుకోలేదు. 2018 కరువులో పొంతార్లియే దిగువన దూ నది కొన్ని చోట్ల పూర్తిగా ఎండి, అడుగున రాళ్లు తేలాయి.

మేడమ్, కుందూతో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కుందూ కూడా పరాయి నీరు మోస్తుంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి మళ్లించిన కె.సి. (కర్నూలు–కడప) కాలువ నీరు కొంత దూరం కుందూలోనే పారి, మా రాజోలి ఆనకట్ట దగ్గర తిరిగి కాలువకెక్కుతుంది. కాలువ వదిలిన రోజుల్లో ఇక్కడ కనిపించే ప్రవాహాన్ని చూసి కుందూ తన బలంతో పారుతోందని విద్యార్థులు అనుకునే ప్రమాదం ఉంది. కాలువ నీరు కలిసే చోటుకు ఎగువన తీసిన కొలతలు దొరికితే వాటినే లూ పక్కన పెట్టండి. దొరకకపోతే కాలువకు నీరు ఆపేసిన నెలలను విడిగా గుర్తించి చూపండి.