స్లర్రీకి పనికొచ్చే పొత్తు కావాలి: ఏఐని ఎలా అడగాలి?

చీమకుర్తి నుంచి ప్రశ్న:
మా గ్రానైట్ కటింగ్ యూనిట్లో పేరుకుపోతున్న స్లర్రీని (రాయి కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతిపొడి బురద) ఎవరితోనైనా కలిసి పనికొచ్చే సరుకుగా మార్చాలని ఎండీ గారి పట్టుదల. ఏఐని అడిగితే పది కంపెనీల పేర్లిచ్చింది. సగం అసలు ఉన్నట్టే లేవు. ఎలా అడగాలండీ?

ఒంగోలు నుంచి:
పేర్లు అడగడమే పొరపాటండీ. జ్ఞాపకం నుంచి చెప్పమంటే అది ఉన్నవీ లేనివీ కలిపి అల్లేస్తుంది. మన చుట్టుపక్కల చిన్న యూనిట్ల గురించి నెట్‌లో ఉండేదే తక్కువ, ఇక అల్లిక ఎక్కువే అవుతుంది. పేర్లు మీరివ్వండి, పోల్చే పని దానికివ్వండి.

ముందు మీ సరుకు గురించి ఒక్క పేజీ రాయండి. నెలకు ఎన్ని టన్నులు, ఫిల్టర్ ప్రెస్‌లో నీళ్లు పిండేసిన కేకా లేక గుంటలో ఎండిన మట్టా, తేమ ఎంత, గ్యాంగ్‌సా (వరుస బ్లేడ్లతో కోసే మిషన్) నుంచి ఎంత, మల్టీవైర్ (డైమండ్ వైర్లతో కోసే మిషన్) నుంచి ఎంత. ఈ చివరిది వదిలేస్తే అంతా తలకిందులే. గ్యాంగ్‌సా స్లర్రీలో స్టీల్ గ్రిట్ (ఉక్కు రవ్వలు), సున్నం ఉంటాయి. ఆ ఇనుము తుప్పు పట్టి పేవర్ బ్లాకుల (నేల మీద పరిచే కాంక్రీటు బిళ్లలు) మీద గోధుమరంగు మచ్చలు తేలతాయి. డైమండ్ వైర్ స్లర్రీకి ఆ బెడద లేదు. రెండూ ఒకే గుంటలోకి పోతుంటే ముందు వేరు చేయండి, పొత్తు సంగతి తర్వాత.

ఆపైన ఎక్సెల్ పట్టిక. ఇటుకల వాళ్లు, పేవర్ బ్లాకుల వాళ్లు, రెడీమిక్స్ వాళ్లు; ట్రాన్స్‌పోర్ట్ బిల్లుల్లో, ఎండీ గారి ఫోన్లో వెతికితే 60 పేర్ల దాకా దొరుకుతాయి. ఏం తయారుచేస్తారు, మీ గేటు నుంచి ఎన్ని కిలోమీటర్లు, మీలో ఎవరికి పరిచయం అన్నవి గడులుగా పెట్టండి. 20 పేర్ల చొప్పున ఇవ్వండి, ఒకేసారి అన్నీ ఇస్తే మధ్య వరసలు దాటేయొచ్చు. ఇలా అడగండి:

"ఈ పట్టికలో ఉన్నవాళ్లనే చూడు, కొత్త పేరు చేర్చకు. ఒక్కొక్కరు ఎందుకు సరిపోతారో ఒక కారణం, ఎందుకు సరిపోరో ఒక కారణం రాయి. గడి ఖాళీగా ఉంటే 'తెలియదు' అని రాయి, ఊహించకు."

అసలు పనికొచ్చేది ఆ 'ఎందుకు సరిపోరో' అన్నదే. అది అడక్కపోతే అందరూ బ్రహ్మాండమే అంటుంది.

నెల్లూరు నుంచి:
పై మాటకు రెండు చేర్పులు. మొదటిది, ఏఐ ఈ పొడిని ఫ్లైయాష్‌తో (థర్మల్ ప్లాంట్ల బూడిద) ఒకే గాటన కట్టి "సిమెంటు ఆదా" అని రాసేస్తుంది. నమ్మొద్దు. ఫ్లైయాష్ సున్నంతో కలిసి గట్టిపడుతుంది, గ్రానైట్ పొడి ఖాళీలు నింపుతుందంతే. అది మరీ మెత్తన కాబట్టి నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. నీళ్లు పెంచారా, బలం పడిపోతుంది. ఇసుకలో 5, 10, 15 శాతం బదులు వేసి బ్లాకులు పోయించి, 28 రోజులకు పేవర్ బ్లాకుల ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం పరీక్ష చేయించండి. ఒప్పందం మాట ఆ రిపోర్టు వచ్చాకే.

రెండోది, తేలిన నాలుగైదు పేర్లను చేత్తో సరిచూడండి. జీఎస్టీ నంబరు 15 అంకెలు, అక్షరాలు. ఆంధ్రా అయితే 37తో మొదలవుతుంది, తర్వాతి పది పాన్. జీఎస్టీ పోర్టల్‌లో వేస్తే రిజిస్ట్రేషన్ తేదీ, బతికుందా రద్దయిందా, రిటర్న్‌లు వేస్తున్నారా అన్నవి ఉచితంగా కనిపిస్తాయి. ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఎంసీఏ (కంపెనీ వ్యవహారాల శాఖ) సైటులో ఆస్తుల మీద ఉన్న తాకట్టులు (ఛార్జీలు) కూడా చూడండి.

చీమకుర్తి నుంచి:
లెడ్జర్, ఫోన్ నంబర్లు ఏఐలో ఎక్కించడానికి ఎండీ గారు ఒప్పుకోవట్లేదు.

ఒంగోలు నుంచి:
ఆయన మాటే కరెక్టు. రేట్లు, ఫోన్లు తీసేసి పార్టీల పేర్ల బదులు క1, క2 అని పెట్టండి, అసలు పేర్లు ఇంకో షీటులో మీ దగ్గరే ఉంచుకోండి. పోల్చడానికి దానికి పేరుతో పనిలేదు.

లారీ బాడుగ లెక్క మాత్రం దానికి అప్పజెప్పకండి. టన్నుకు దక్కేదే తక్కువ ఉన్న సరుకు ఇది, దూరం పెరిగేకొద్దీ బాడుగే మింగేస్తుంది. తడి కేకు పంపితే నీళ్లకు కూడా బాడుగ కట్టినట్టే. ఎండబెట్టాక తూకం వేసి, మీ లారీ వాళ్ల రేటుతో ఎంత దూరం వరకు గిడుతుందో తేల్చండి. ఆ దూరం దాటిన పేర్లను పట్టిక నుంచి ముందే కొట్టేయండి.

నెల్లూరు నుంచి:
ఏఐ రాసిచ్చిన ఉత్తరం పంపొద్దు. "అర్థవంతమైన సహకారానికి ఎదురుచూస్తున్నాము" అంటే పేవర్ యూనిట్ ఓనరు రెండో లైను చదవడు. మీ సరుకు గురించి రాసిన ఆ పేజీని ఏఐకి చూపించి అవతలివాళ్లు ఏం అడుగుతారో ఐదు ప్రశ్నలు రాయించుకోండి. జవాబులు సిద్ధం చేసుకుని ఫోన్ చేయండి, రెండు గోతాల ఎండు పొడి బండిలో వేసుకుని వెళ్లండి.