టపాసుల చట్టం మార్చాలా, ఉన్నది అమలు చేస్తే చాలా?

బెజవాడ_వాసి:
2022 దీపావళికి ముందు రోజు పొద్దున్నే విజయవాడ జింఖానా గ్రౌండ్‌లో టపాసుల స్టాళ్లు తగలబడి ఇద్దరు చనిపోయారు. ఇలాంటిది ఎక్కడ జరిగినా మర్నాడు "నిబంధనలు పాటించలేదు" అంటారు. పాటించకపోతే ఏమవుతుందో చూడండి. మన పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది. నిబంధనలు మీరి అమ్మినవాడికి అందులో రాసిన శిక్ష రెండేళ్ల దాకా జైలు, లేదా 3,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఇవాళ ఒక మాదిరి కుటుంబం పండక్కి కొనే టపాసులకే అంతవుతుంది. 2024లో కేంద్రం కొత్త బిల్లు ముసాయిదాలో దాన్ని 50,000కు పెంచుతామంది. అదీ చాలదంటాను. ప్రతి స్టాలుకీ బీమా తప్పనిసరి చేయాలి. చనిపోయినవాళ్ల ఇంటివాళ్లు పరిహారం కోసం ఏళ్ల తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగే పరిస్థితి పోవాలి.

స్టాల్_పెట్టేవాణ్ణి:
బెజవాడ గారూ, జరిమానా పెంచండి, నేను కాదనను. కానీ ఆ చట్టం కింద వచ్చిన 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనలు ఒకసారి చదవండి. మంటలంటుకోని సామానుతో షెడ్డు కట్టాలి. షెడ్డుకీ షెడ్డుకీ మధ్య 3 మీటర్లు ఉండాలి, ఎదురెదురుగా పెట్టకూడదు. ఒకచోట 50 షాపులకు మించకూడదు. బల్బు వైరుకు వేలాడకూడదు, గోడకో పైకప్పుకో బిగించాలి. ఒక్కో వరుసకీ ఒక మెయిన్ స్విచ్ ఉండాలి. అన్నీ మంచి రూల్సే. మరి మా ఊళ్లో తాత్కాలిక లైసెన్సు చేతికొచ్చేది పండక్కి రెండు మూడు రోజుల ముందు. సరుకు అప్పటికే అప్పు తెచ్చి కొని ఉంటాం. ఆ రెండు మూడు రోజుల్లో ఇనుప రేకులు ఎవడిస్తాడు? షామియానా వాడు దొరుకుతాడు, గుడ్డ కట్టేస్తారు. జరిమానా 3 లక్షలు చేసినా ఆ గుడ్డ రేకు అయిపోదు కదండీ. నెల ముందు లైసెన్సు ఇమ్మనండి, ఆ తేదీని చట్టంలోనే రాయమనండి. ఆలస్యం చేసిన అధికారిని కూడా జవాబు అడగాలి.

ఇంకోటి. సుప్రీంకోర్టు 2018లో ఆన్‌లైన్ అమ్మకాలు ఆపమంది. ఇప్పుడు వాట్సాప్‌లో ధరల పట్టిక వస్తుంది, ట్రాన్స్‌పోర్టు లారీలో అట్టపెట్టె వచ్చేస్తుంది. ఆ పెట్టె ఏ ఇంట్లో ఏ మంచం కింద ఉందో ఎవరికి తెలుసు? నన్నయితే ఫైర్ వాళ్లు వచ్చి చూస్తారు.

ఇద్దరు_పిల్లల_అమ్మ:
ఇవన్నీ ఎందుకండీ, మొత్తానికే ఆపేస్తే పోతుంది కదా? 2025 దీపావళికి భోపాల్‌లో కార్బైడ్ గన్నుల వల్ల ఎంతమంది పిల్లల కళ్లు దెబ్బతిన్నాయో చూశాం. పైపులో కార్బైడ్ వేసి నీళ్లు పోసి, పేలలేదేమిటా అని లోపలికి తొంగి చూస్తారు. అప్పుడే పేలుతుంది. మా వాళ్లు ఆ వీడియోలు చూస్తుంటే గుండె ఆగినంత పనైంది.

ఏలూరు_నుంచి:
అమ్మా, మీ భయం అర్థమైంది. కానీ ఆ గన్ను బాణసంచా లైసెన్సు మీద అమ్మే సరుకు కాదు. 2024 దీపావళి రోజున మా ఏలూరులో బైకు మీద తీసుకెళ్తున్న ఉల్లిపాయ బాంబులు రోడ్డు మీద గుంత దగ్గర పేలి ఒకాయన అక్కడికక్కడే చనిపోయాడు, ఆరుగురు గాయపడ్డారు. అవీ పేరున్న కంపెనీ సరుకు కాదు, నాటు సరుకు. ఊళ్లో మతాబులు, చిచ్చుబుడ్లు కూడా దొరక్కుండా చేస్తే కుర్రాళ్లు మానేస్తారా? ఇంకా ఎక్కువమంది నాటు సరుకు మీద పడతారు. తయారీ దగ్గర పోయేది కూలీ జనమే. 2025 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లా కైలాసపట్నంలో బాణసంచా కేంద్రం పేలి ఎనిమిది మంది చనిపోయారు. చట్టం మారిస్తే ముందు వాళ్ల కోసం మారాలి.

బెజవాడ_వాసి:
స్టాల్ అన్నా, లైసెన్సు తేదీ సంగతి ఒప్పుకుంటాను. జరిమానా కంటే ముందు అదే కావాలి. అలాగే మునిసిపాలిటీయే ఊరి బయట రేకుల షెడ్లు వేసి ఏటా అద్దెకిస్తే? ఇళ్లకూ బడులకూ 50 మీటర్ల దూరం అన్న నిబంధన ఊరి మధ్య గ్రౌండుల్లో కొలిచి చూస్తే ఎన్నిచోట్ల సరిపోతుంది? అమ్మగారు అడిగిన నిషేధానికి మాత్రం నేను ఒప్పుకోను. కార్బైడ్ చిల్లరగా పిల్లల చేతికి ఎలా వస్తోందన్నది విడిగా తేల్చాలి, దానికి ఈ చట్టం ఒక్కటే సరిపోదు.

స్టాల్_పెట్టేవాణ్ణి:
ఊరి బయటైతే బేరం సగానికి పడిపోతుందని మా వాళ్లు గోల చేస్తారు. అయినా అద్దె అందుబాటులో ఉండి, రాత్రి పదింటి దాకా సిటీ బస్సు నడిపితే నేను మొదటి షెడ్డు తీసుకుంటాను.