కొరియాలో మూడు వారాలు: రాత్రి భోజనానికి అక్కడి ఫుడ్ యాప్‌లు మనకు పనిచేస్తాయా?

శ్రీసిటీ బస్సు (తిరుపతి)

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. శ్రీసిటీలో ఒక కంపెనీలో క్వాలిటీ చెకింగ్ పని. వచ్చే నెల మూడు వారాల ట్రైనింగ్‌కి నన్ను దక్షిణ కొరియా పంపిస్తున్నారు, సువోన్‌కి. మధ్యాహ్నం తిండి ఫ్యాక్టరీలోనే పెడతారట. రాత్రి తిప్పలు మాత్రం నావే.

ఇక్కడ నా సంగతేమిటంటే, కంపెనీ బస్సు నన్ను దించేసరికి రాత్రి తొమ్మిదిన్నర. బస్సు రేణిగుంట దాటగానే ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేస్తాను. నేను మెట్లెక్కేసరికి ఇడ్లీ పొట్లం తలుపు గడియకి వేలాడుతూ ఉంటుంది. రెండేళ్లుగా ఇదే బతుకు. మా అమ్మ పలమనేరులో ఉంటుంది, ఫోన్ చేసిన ప్రతిసారీ "పొయ్యి వెలిగించినావా లేదా" అనే అడుగుతుంది.

అక్కడా ఇలాగే లాగించేద్దామని నిన్న రాత్రి బేమిన్ అనే యాప్ దించుకున్నాను. అంతా గుండ్రాలూ గీతలూ. ఇంకో ఫోన్‌లో అనువాదం పెట్టుకొని, ఈ తెరని ఆ ఫోన్‌తో ఫోటోలు తీస్తూ ముందుకు పోయాను. ఫోన్ నంబరు దగ్గర ఆగిపోయింది. మన నంబరు ఎంత కొట్టినా తీసుకోదు.

అక్కడికి పోయినాకైనా ఇది పనిచేస్తుందా? మన కార్డు పడుతుందా? ఇంకో సంగతి, నేను గుడ్డు కూడా తినను. ఈ మూడింటిలో ఏది పెద్ద కష్టమో కూడా తెలియట్లేదు, అదే టెన్షన్.

పాత బస్టాండు (తిరుపతి)

చెల్లెమ్మా, మూడింటిలో పెద్దది ఫోన్ నంబరే. నేను పోయిన ఏడాది జనవరిలో ఐదు వారాలు అక్కడ ఉండొచ్చాను, అదీ సువోన్ పక్కనే. భాష రాకపోయినా ఎలాగో నెట్టుకురావచ్చు. నంబరు లేకపోతే మాత్రం వాకిట్లోనే నిలబెట్టేస్తారు.

అక్కడ నంబరు తనిఖీ రెండు రకాలు. ఒకటి మామూలు ఎస్ఎంఎస్ కోడ్. రెండోది అసలు మనిషి తనిఖీ: నీ పేరు, పుట్టిన తేదీ ఫోన్ కంపెనీ దగ్గరున్న వివరాలతో కలిసిందా లేదా అని చూస్తారు. ఆ రెండోది అక్కడి వాళ్లకీ, విదేశీయుల రిజిస్ట్రేషన్ కార్డు ఉన్నవాళ్లకే. మూడు వారాలకి పోయే నీకు ఆ కార్డు రాదు, దాని జోలికి పోవద్దు. మొదటిది మాత్రం సిమ్ సరైనది తీసుకుంటే గడుస్తుంది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశాను. చవగ్గా వచ్చిందని ఈసిమ్ కొన్నాను. ఇంటర్నెట్ బ్రహ్మాండంగా వస్తుంది, కానీ దానికి నంబరే లేదు! నువ్వు కొనేటప్పుడు 010తో మొదలయ్యే నంబరు ఉండాలి, ఎస్ఎంఎస్ రావాలి అని గట్టిగా అడిగి తీసుకో. మన సిమ్‌ని కూడా రోమింగ్‌లో ఉంచు, బ్యాంకు ఓటీపీలు దానికే వస్తాయి కదా.

ఇక కార్డు. మన వీసా, మాస్టర్‌కార్డులు షాపుల్లో గీకితే పడతాయి. యాప్ లోపల నంబరు కొడితే చాలాసార్లు తిప్పికొడుతుంది, ఎందుకంటే అక్కడి ఆన్‌లైన్ చెల్లింపులు చాలావరకు వాళ్ల కార్డులని, వాళ్ల బ్యాంకులని చూసుకొని కట్టుకున్నవి. దీనికి ఒక సందు ఉంది. చెల్లింపు తెరలో కిందికి పోతే "మన్నసొ క్యోల్చే" అని ఉంటుంది, అంటే కలిసినప్పుడు కట్టడం. డెలివరీ అబ్బాయి చేతిలో కార్డు మిషన్ పట్టుకొని వస్తాడు, గడప దగ్గర గీకేయొచ్చు. నోట్లిచ్చినా తీసుకుంటాడు. అన్ని హోటళ్లకీ ఇది ఉండదు, ఉన్నవాటినే వెతుక్కోవాలి. పోయేముందు మన బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకో. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూలు వల్ల కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే ఉంటుంది. నేను దాన్ని మరిచిపోయి ఇంచియాన్ ఎయిర్‌పోర్టులో కాఫీ కౌంటర్ ముందు తెల్లముఖం వేశాను.

షటిల్ అని ఇంగ్లీషులో ఉండే యాప్ ఒకటుంది, మన కార్డులూ తీసుకుంటుంది. సియోల్, బూసాన్, ప్యోంగ్‌తేక్ లాంటి కొన్ని చోట్ల బాగా నడుస్తుంది. నీ అడ్రసు పెట్టి చూడు, వస్తే నీ అదృష్టం.

ఇప్పుడు నాకు జరిగింది చెప్తాను, ఇది చదివితే సగం గైడు చదివినట్టే. రెండో వారంలో నంబరున్న సిమ్ సంపాదించాను. నాకు ఇచ్చింది అపార్ట్‌మెంట్ ఫ్లాటు. అక్కడ అడ్రసులో బ్లాకుని "దోంగ్" అంటారు, ఫ్లాటుని "హో" అంటారు. నాది 103 దోంగ్, 503 హో. ఆఫీసులో ఉండే కొరియా అన్న ఒకాయన నాకోసం అడ్రసు కొట్టిపెడుతూ 108 అని కొట్టాడు. బయట మైనస్ ఎనిమిది. అరగంటకి ఫోటో వచ్చింది: బూడిదరంగు తలుపు, ముందు చిన్నపిల్లల సైకిలు, దాని పక్కన నా సంచి. నా తలుపు తీసి చూశాను, సైకిలూ లేదు, సంచీ లేదు.

కోటు వేసుకొని బయటపడ్డాను. బ్లాకులన్నీ ఒకే రంగు, గోడ మీద ఎత్తున పెద్ద అంకెలు. 108 దొరికింది కానీ కింద అద్దాల తలుపుకి కోడు. వాళ్ల కోడు నాకెలా తెలుస్తుంది? కుక్కని తిప్పుకొని వచ్చిన ఒకాయన తలుపు తెరిచేదాకా నిలబడి, ఆయన వెనకే దూరాను. ఐదో అంతస్తుకి పోయేసరికి సైకిలు ఉంది, సంచి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. ఎత్తుకుని దొంగలా దిగి వచ్చేశాను. సూపు చల్లారి పైన నూనె తెట్టు కట్టింది, మైక్రోవేవ్‌లో పెట్టి తాగాను.

కాబట్టి ఇంగ్లీషు అడ్రసు కొట్టొద్దు. రిసెప్షన్‌లో వాళ్ల లిపిలో రాయించుకొని అదే కాపీ చేసి పేస్టు చెయ్యి, ప్రతి అంకె రెండుసార్లు చూసుకో. కింద తలుపుకి కోడుంటే అది కూడా డెలివరీ అబ్బాయికి రాసే గడిలో పెట్టాలి, లేకపోతే వాడు ఫోన్ చేసి కొరియన్‌లో మాట్లాడతాడు. అప్పుడు ఏం చేస్తావు? "మున్ ఆపె నోవాజుసెయో" అని చెప్పి ఫోన్ పెట్టెయ్, తలుపు ముందు పెట్టండి అని. గడప దగ్గర డబ్బు కట్టే రోజు మాత్రం ఈ మాట అనకు, తలుపు తీసి నిలబడు. అదీ కుదరకపోతే 1330కి ఫోన్ చెయ్యొచ్చు, అది పర్యాటకుల హెల్ప్‌లైన్, ఇంగ్లీషులో మాట్లాడి అనువాదం చేస్తారు.

ఇంకా రెండు చిన్న సంగతులు. బిల్లులో "బేదాల్‌టిప్" అని కనిపిస్తే టిప్పు అనుకోకు, అది డెలివరీ చార్జీ. అక్కడ ఎవరికీ టిప్పు ఇవ్వరు. అలాగే కనీస ఆర్డరు ఉంటుంది, నాకు తగిలినవి చాలావరకు పన్నెండు, పదిహేను వేల వాన్. వెయ్యి వాన్ అంటే అరవై రూపాయలు అటూ ఇటూ, లెక్క వేసుకో. ఒక్కరి కోసం తెప్పించుకోవడం మన ఇడ్లీ లెక్కకి రాదు.

గంగమ్మ జాతర (చిత్తూరు)

అమ్మాయీ, మా పాప అక్కడ పీజీ చదువుతోంది. తొంభై రోజులు దాటి ఉండేవాళ్లు రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ కార్డు వచ్చేదాకా మా పాపకీ ఇదే గొడవ. రూమ్మేట్ ఫోన్ మీదే తెప్పించుకునేది. కార్డొచ్చి, సొంత నంబరొచ్చి, అక్కడి బ్యాంకు కార్డు చేతికొచ్చాక ఇప్పుడు ఎంత హాయంటే, నేనిక్కడ ఆరింటికి దీపం పెట్టి ఫోన్ చేస్తే అక్కడ తొమ్మిదిన్నర, మేడమ్ గారు గిన్నె ముందు కూర్చొనే ఫోనెత్తుతుంది.

నీకు అసలు గండం తిండి దగ్గర ఉంది. పాత బస్టాండు గారు మాంసం తింటారేమో, దాన్ని వదిలేశారు. కూరగాయల సూపు అని బొమ్మ చూసి తెప్పించుకుంటావు, దాని కింద "యుక్సు" అని ఉంటుంది, అంటే మాంసంతోనో ఎండుచేపతోనో కాచిన నీళ్లు. "మ్యోల్చి" అంటే చిన్న ఎండుచేపలు, మనూర్లో నెత్తళ్లు అంటాము చూడు, అవే. కిమ్చీలో, అంటే వాళ్ల క్యాబేజీ పచ్చడిలో కూడా చాలాచోట్ల ఉప్పురొయ్యలో చేపల సాసో కలుపుతారు. ఎర్రగా మన ఆవకాయలా కనిపిస్తుంది, మోసపోవద్దు. సోగోగి ఆవుమాంసం, ద్వేజిగోగి పందిమాంసం, తాక్ కోడి, కేరాన్ గుడ్డు. వీటి వాళ్ల లిపిలోని రూపాలు ఫోన్‌లో ఫోటోగా పెట్టుకో. "ప్పేజుసెయో" అంటే తీసేయండి. పిబింబాప్ అనే కూరగాయల అన్నం తెప్పించుకొని, గోగి (మాంసం), కేరాన్ రెండూ తీసేయమని రాస్తే మా పాపకి ఇప్పటిదాకా బాగానే వచ్చింది. పైన వేసే ఎర్ర ముద్దని విడిగా ఇమ్మను, అందులో కూడా మాంసం కలిపి వేయించేవాళ్లున్నారు.

నువ్వు పోయే సువోన్ ఊరికి పేరొచ్చిందే నిప్పుల మీద కాల్చిన ఆవు పక్కటెముకలతో. అమ్మకి చెప్పకు.

రేణిగుంట గేటు

ఇంత తిప్పలెందుకు, పొడులు, పచ్చళ్లు కట్టుకొని పో. ఊరిబిండి డబ్బా ఒకటి చాలు.

పాత బస్టాండు (తిరుపతి)

గేటు అన్నా, నువ్వు చెప్పింది సగం కరెక్టే. పొడులు పట్టుకుపోవచ్చు. కోడి పచ్చడి, మాంసం పచ్చడి మాత్రం వద్దు, ఎయిర్‌పోర్టు క్వారంటైన్ తనిఖీలో దొరికితే పెద్ద జరిమానా. పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా పెట్టొద్దు. అన్నానికి దిగులు లేదు: ఏ కన్వీనియన్స్ స్టోర్‌లో అయినా హెత్‌బాన్ అని వండిన అన్నం గిన్నె దొరుకుతుంది, 210 గ్రాములు, మూత కొంచెం తెరిచి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు. మెత్తగా అంటుకొని ఉంటుంది. మన సంగటి తినేవాళ్లకి అదేం కష్టం కాదులే. పెరుగు కొనేటప్పుడు చూసుకో, చాలావాటిలో పంచదార ఉంటుంది. నేను మొదటిరోజు పెరుగన్నం అని పాయసం తిన్నాను.

గంగమ్మ జాతర అక్క చెప్పింది నిజం, నేను అన్నీ తింటాను కాబట్టి అది తట్టలేదు.

గంగమ్మ జాతర (చిత్తూరు)

ఆదివారం ఖాళీ ఉంటే ఒక్క పని చెయ్యి అమ్మాయీ. సువోన్ స్టేషన్‌లో ఒకటో నంబరు మెట్రో ఎక్కితే రైలు మారకుండా సియోల్‌లో జొంగ్గాక్ దగ్గర దిగొచ్చు. గంట పైన పడుతుంది. అక్కడికి దగ్గర్లో జొగ్యేసా అని బౌద్ధుల పెద్ద గుడి. వాళ్ల గుడి వంటలో మాంసం, చేప ఉండవు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు. కొండ మీద వెంగమాంబ అన్నదాన సత్రంలో కూర్చుని తిన్నవాళ్లం మనం, ఉల్లి లేని వంటకి కొత్తవాళ్లం కాదు. ఆ గుడి ఎదురుగానే గుడి వంట వడ్డించే హోటల్ ఉంది, బల్వూ గోంగ్యాంగ్ అని. ముందే బుక్ చేసుకోవాలి, ధర మాత్రం గట్టిగానే ఉంటుంది. మేము పోయినప్పుడు మా ఆయన బిల్లు చూసి కాసేపు మాట్లాడలేదు.

శ్రీసిటీ బస్సు (తిరుపతి)

అన్నా, అక్కా, చాలా థాంక్స్. 010 నంబరున్న సిమ్ గురించి మా ఆఫీసులో కూడా ఎవరూ చెప్పలేదు. ఇందాకే బ్యాంకు యాప్ తెరిచి చూశాను, ఇంటర్నేషనల్ నిజంగానే ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసేశాను.

అక్క చెప్పిన మాటలన్నీ వాళ్ల లిపిలో ఒక కాగితం మీద రాస్తున్నాను. "కేరాన్" నాలుగుసార్లు రాస్తే ఒకసారి కుదిరింది. ఒక్క డౌటు: తిండి వచ్చినప్పుడు చెంచాలు అవీ వాళ్లే ఇస్తారా?

పాత బస్టాండు (తిరుపతి)

ఇవ్వరు. 2021 జూన్ నుంచి చెంచా, తినే పుల్లలు కావాలంటే ఆర్డర్ పెట్టేటప్పుడు మనమే టిక్కు పెట్టాలి. పెట్టకపోతే రావు. అన్నం అయితే చెయ్యుంది కదా అనుకున్నాను నేను కూడా. వచ్చింది పొగలు కక్కే సూపు. బ్రష్షులు పెట్టుకునే గ్లాసు కడిగి అందులో పోసుకొని తాగాను. ఒక స్టీలు గరిటె పెట్టుకో చెల్లెమ్మా, చెకిన్ బ్యాగులో.