అమ్ముతారో లేదో తెలియని వస్తువును వేదికెక్కించడం న్యాయమా?

బనశంకరి_ఆటగాడు

జనవరిలో లాస్ వెగాస్‌లో ఎలక్ట్రానిక్ వస్తువుల వాణిజ్య ప్రదర్శన సీఈఎస్ మొదలైందంటే మన బెంగళూరు తెలుగు గేమర్లకు నిద్ర పట్టదు. తెల్లవారుజామునే లేచి వీడియోలు చూడటం, ఆఫీసు బస్సులో వాటి గురించే వాదించుకోవడం. అందరి కళ్లూ గేమింగ్ పరికరాల కంపెనీ రేజర్ స్టాల్ మీదే. అందుకే ఈ చర్చ పెడుతున్నాను. అమ్ముతామని తామే గట్టిగా చెప్పలేని వస్తువును అంత ఆర్భాటంగా చూపించడం న్యాయమా? కాదంటాను నేను.

ఒక్కసారి వెనక్కి వెళ్లి చూడండి. 2014లో ‘ప్రాజెక్ట్ క్రిస్టీన్’ చూపించారు. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మెమరీ దేని పెట్టె దానిదే. నిలువు స్తంభానికి తగిలిస్తే చాలు, కంప్యూటర్ సిద్ధం. అది రాలేదు. 2017లో ‘ప్రాజెక్ట్ వాలరీ’: 17.3 అంగుళాల 4కే తెరలు మూడున్న ల్యాప్‌టాప్. మూత తెరిస్తే పక్క తెరలు రెండూ వాటంతట అవే జారి బయటికి వస్తాయి. ఆ నమూనాలు రెండు ప్రదర్శనలోనే దొంగతనానికి గురయ్యాయి, ప్రపంచమంతా వార్త అయింది. ల్యాప్‌టాప్ మాత్రం దుకాణానికి రాలేదు. 2018లో ఫోను ఇమిడే ల్యాప్‌టాప్ ‘లిండా’, 2021లో వీపు వెనక నుంచి 60 అంగుళాల తెర పైకి లేచే కుర్చీ ‘బ్రూక్లిన్’. రెండూ అంతే.

చప్పట్లు, పత్రికల పతాక శీర్షికలు, ఉత్తమ వస్తువు అవార్డులు కంపెనీకి. ఎదురుచూపులు మనకు.

బోర్డు_పరీక్షకుడు

ఆటగాడు గారూ, నేను ఎలక్ట్రానిక్స్ సిటీలో హార్డ్‌వేర్ పరీక్షల విభాగంలో పని చేస్తాను. మీ కోపం అర్థమైంది కాని, గురి తప్పిందనిపిస్తోంది.

సీఈఎస్‌లోకి సామాన్య ప్రజలను రానివ్వరు. పరిశ్రమలో ఉన్నవారికే ప్రవేశం. విడిభాగాలు తయారుచేసేవారు, టోకు కొనుగోలుదారులు, పెట్టుబడిదారులు, పాత్రికేయులు వస్తారు. మడత తెర చేసే ఫ్యాక్టరీ మనిషి వచ్చి ఆ కుర్చీ చూసి ‘ఇది మేం చేయగలం, కాని ఏడాదికి ఇన్ని తీసుకోవాలి’ అంటాడు. ఆ మాట కోసమే నమూనా పెడతారు.

నమూనా అంటే ఏమిటో దగ్గరి నుంచి చూసినవాణ్ని కనుక చెబుతున్నాను. పై పెంకు త్రీడీ ప్రింటర్‌లో పోసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసింది. లోపల బోర్డు మీద తప్పుగా వెళ్లిన దారులను సరిచేస్తూ వెంట్రుకంత సన్నని తీగలు చేత్తో టంకం వేసి ఉంటాయి. బల్ల కింద బయటి పవర్ సప్లై ఉంటుంది. పక్కనే ఒక ఇంజనీరు నిలబడి ఉంటాడు, వేడెక్కితే ఆపడానికి. దాన్నుంచి ఈవీటీ, డీవీటీ, పీవీటీ, అంటే ఇంజనీరింగ్, డిజైన్, ఉత్పత్తి పరీక్షలనే మూడు దశలు దాటాలి. మన దేశంలో అమ్మాలంటే ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర నమోదు, వైర్‌లెస్ ఉంటే రేడియో తరంగాల విభాగం డబ్ల్యూపీసీ అనుమతి కూడా కావాలి. ఈ దారిలో సగం ఆలోచనలు రాలిపోవడం తప్పు కాదు, అదే మా పని.

ప్రదర్శన వల్ల వస్తువు బాగుపడిన సందర్భం ఇదే సీఈఎస్‌లో ఉంది. 1985 జనవరిలో నింటెండో తన గేమ్ యంత్రాన్ని కీబోర్డు, క్యాసెట్ రికార్డర్, తీగల్లేని కంట్రోలర్లతో చూపించింది. వర్తకులు మొహం తిప్పుకున్నారు. వాటిని తీసేసి, రూపం మార్చి, ఒక చిన్న రోబోను జోడించి అదే ఏడాది జూన్‌లో షికాగోలో జరిగిన వేసవి సీఈఎస్‌కు తెచ్చారు. అక్టోబరులో న్యూయార్క్‌లో అమ్మకం మొదలైంది. ఆ జనవరి నమూనాను ‘అమ్మని వస్తువు’ అని ఆపేసి ఉంటే?

బనశంకరి_ఆటగాడు

1985లో ఆ నమూనాను చూసింది హాల్లో ఉన్నవాళ్లు. ఇప్పుడు హాల్లో ఉన్నవాళ్లకంటే ఫోన్లలో చూసేవాళ్లే ఎన్నో రెట్లు. లోపల టోకు వర్తకుల కోసమే పెట్టామంటూ బయట నా కోసం సినిమా ప్రచార చిత్రంలాంటి వీడియో ఎందుకు వదులుతున్నారు? అందులో మీరు చెప్పిన టంకం తీగలు కనిపించవు. మెరిసే దీపాలే కనిపిస్తాయి.

పద్మ_వైట్‌ఫీల్డ్

మీరిద్దరూ ఒక్క రేజర్ చుట్టూనే తిరుగుతున్నారు. ఇది ఆ కంపెనీతో పుట్టిన జబ్బు కాదు. 1991 వేసవి సీఈఎస్‌లో సోనీ, నింటెండోతో కలిసి సీడీలతో నడిచే గేమ్ యంత్రం చేస్తున్నామని ప్రకటించింది. మర్నాడే అదే ప్రదర్శనలో నింటెండో ఫిలిప్స్‌తో చేతులు కలిపినట్లు చెప్పింది. ఆ ఉమ్మడి యంత్రం బజారుకు రాలేదు. దాని నమూనా ఒకటి 2020లో వేలంలో 3,60,000 డాలర్లు పలికింది. సంతకాలైన ఒప్పందానికే దిక్కు లేనప్పుడు ‘కాన్సెప్ట్’ అని ముందే చెప్పి చూపించినదాన్ని నిలదీయడం ఏమి న్యాయం?

నన్ను అడిగితే అసలు ఆటల కంపెనీలకు ఈ సంత ఎప్పుడూ సొంత ఇల్లు కాలేదు. 90ల మొదట్లో తమను వెనకవైపు గుడారంలో పెట్టారని, వాన నీరు తమ కొత్త యంత్రాల మీద కారిందని గేమ్ కంపెనీ సెగాకు అమెరికా అధిపతిగా చేసిన టామ్ కాలిన్‌స్కే చెప్పారు. ఆ అసంతృప్తిలోంచే 1995లో ఆటల కోసమే ప్రత్యేకంగా ఈ3 ప్రదర్శన పుట్టింది. అదీ 2023 డిసెంబరులో శాశ్వతంగా మూతపడింది. ఇప్పుడు పెద్ద కంపెనీలు తమ ఛానెల్‌లోనే ప్రకటించుకుంటున్నాయి. సోనీ 2020 సీఈఎస్‌లో ప్లేస్టేషన్ 5 గురించి చూపించింది ముఖ్యంగా ఒక లోగో, కొన్ని లక్షణాల జాబితా. యంత్రం అమెరికాలో ఆ నవంబరులో వచ్చింది, మనకు 2021 ఫిబ్రవరి 2న, 49,990 రూపాయలకు. లోగోకు కొట్టిన చప్పట్లకూ మన చేతికి అందిన పెట్టెకూ మధ్య ఏడాది దాటింది. నాకు బాధ అక్కడ. ప్రకటన అందరికీ ఒకేసారి, సరుకు మాత్రం వంతులవారీగా.

ఎస్‌పీ_రోడ్డు_దుకాణం

నేను అమ్మేవాణ్ని, బాగు చేసేవాణ్ని. కౌంటర్ ఇవతల కనిపించేది చెబుతాను.

అనంతపురం నుంచి వచ్చి ఇక్కడ చదువుకునే కుర్రాడు ఒకడు మానిటర్ కొనడానికి వచ్చాడు. డబ్బు జేబులో ఉంది. బేరం కుదిరింది. బిల్లు రాసే ముందు ఫోను తీసి ఒక ప్రదర్శన వీడియో చూపించి ‘అన్నా, ఇది ఎప్పుడు వస్తుంది? వస్తే ఆగుతా’ అన్నాడు. కంపెనీ పేరు వద్దు. వీడియోలో ధర లేదు, తేదీ లేదు. ‘కాన్సెప్ట్’ అన్న మాట చివర్లో, చిన్న అక్షరాల్లో, రెప్పపాటు. ఆగకు తమ్ముడూ అన్నాను, ఆగాడు. ఆ వస్తువు ఇప్పటికీ రాలేదు. పాత తెర మీదే చదువు ముగించాడు. పద్మ గారు ‘ముందే చెప్పి’ అన్నారు. చెప్పడం అంటే వినపడేలా చెప్పడం కదండీ.

బనశంకరి_ఆటగాడు

దుకాణం అన్న చెప్పినదే నా మాట. ఇంకో సంగతి. వేదిక మీద పుట్టిన అతిశయం వస్తువు అమ్మకానికి వచ్చినా వదలదు. 2021 జనవరిలో రేజర్ వాళ్లు ‘ప్రాజెక్ట్ హేజెల్’ అని దీపాలు, ఫ్యాన్లు ఉన్న పారదర్శక మాస్కును చూపించారు. కరోనా భయం నిండా ఉన్న రోజులు. అదే ఏడాది అక్టోబరులో ‘జెఫైర్’ పేరుతో దాదాపు 100 డాలర్లకు అమ్మారు, ఎన్95 స్థాయి వడపోత అని ప్రచారం చేశారు. దాన్ని ఆ ధ్రువీకరణ పరీక్షలకు పంపనే లేదని 2024లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. కొన్నవారికి తిరిగి ఇవ్వడానికి 11 లక్షల డాలర్ల పైచిలుకు కట్టేందుకు కంపెనీ ఒప్పుకుంది. ఊపిరికి సంబంధించిన విషయమండీ ఇది!

బోర్డు_పరీక్షకుడు

మాస్కు విషయంలో మీతో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. కాని అది అమ్మిన వస్తువు మీద చేసిన ప్రచారం. దానికి చట్టం ఉంది, పట్టుకుంది. నమూనా చూపించడం వేరు. 2024 జనవరిలో కుర్చీకి తగిలించే కంపన దిండు ‘ప్రాజెక్ట్ ఎస్తర్’ చూపించారు, అదే సెప్టెంబరులో ‘ఫ్రేయా’ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఇలాంటివి మీ జాబితాలో ఎందుకు లేవు?

బనశంకరి_ఆటగాడు

వచ్చింది, ఒప్పుకుంటాను. నమూనాలు నిషేధించమని నేను అనడం లేదు. వీడియో మొదటి చట్రంలోనే, పెద్ద అక్షరాల్లో, ‘ఇది నమూనా, అమ్మకం నిర్ణయం కాలేదు’ అని వేయాలి. అమ్ముతామన్న నిర్ణయం ఉంటే ఏ దేశాల్లో, ఎప్పటికల్లా అన్నది వేయాలి. ఆలోచన మానేస్తే, చూపించినంత గట్టిగా మానేశామని ప్రకటించాలి. ఇప్పుడు మాత్రం చడీచప్పుడు లేకుండా వదిలేస్తున్నారు.

బోర్డు_పరీక్షకుడు

మొదటిదీ మూడోదీ సరే, వెంటనే సంతకం పెడతాను. రెండోది మాత్రం ఒప్పుకోను. నమూనా దశలో తేదీ వేయమంటే మార్కెటింగ్ వాళ్లు ఏదో ఒకటి వేసేస్తారు. ఆ తేదీ అందుకోవడానికి డీవీటీలో వేడి పరీక్షలు, కింద పడేసే పరీక్షలు కుదించేది మా దగ్గర. చివరికి బ్యాటరీ ఉబ్బిన పెట్టె దుకాణం అన్న కౌంటర్ మీదికే వస్తుంది.

ఎస్‌పీ_రోడ్డు_దుకాణం

వస్తోంది కూడా. తేదీ వద్దు. ‘అమ్మకం లేదు’ అన్న మాట పెద్దగా రాయిస్తే నాకు చాలు.